కువైట్ నుంచి వచ్చిన అట్టపెట్టె

శ్రోతలందరికీ నమస్కారం. నాకు పదిహేడేళ్ళు, ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఫిలిప్పీన్స్‌లో చదువుకున్నాను. మనీలాకి దక్షిణంగా లాస్ బాన్యోస్ అని ఒక ఊరుంది, అక్కడే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ. మన గోదావరి జిల్లాల పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే ఐఆర్ 8 వరి రకం 1966లో బయటికొచ్చింది అక్కడి నుంచే. మా నాన్నగారి ఉద్యోగం కూడా అక్కడే, అలా వెళ్ళాం. కానీ ఇవాళ వరి గురించి కాదు. నా వయసు పిల్లలు అక్కడ తమ దేశాన్ని చూసి దేనికి గర్వపడతారో, దేనికి గర్వపడమంటే వాళ్ళకి గొంతు పట్టేస్తుందో, అది చెబుతాను.

అక్కడ మాట్లాడే తగాలోగ్ భాషలో నాకు మొదట పట్టుబడిన మాట ‘పో’. మన ‘అండి’ లాంటిది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘పో’ చేర్చకపోతే ఇంట్లో లోలా, అంటే అమ్మమ్మ, వెంటనే సరిదిద్దుతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళనైనా ‘ఆతే’, ‘కుయా’ అంటారు, అక్కా అన్నా అన్నమాట. అది వింటే నాకు పరాయి దేశంలో ఉన్నట్టే ఉండేది కాదు.

ఆ ‘పో’ విలువ తెలియాలంటే మాత్రం జీప్నీ ఎక్కాలి. పొడుగాటి బండి, రెండు బెంచీలు ఎదురెదురుగా, ఎక్కేది వెనక నుంచి, డ్రైవరేమో ముందు. వెనక కూర్చున్నవాళ్ళు ‘బాయద్ పో’, అంటే డబ్బులు తీసుకోండి అంటూ చిల్లర పక్కవాళ్ళ చేతిలో పెడతారు, ఆ చేతి నుంచి ఇంకో చేతికి, అక్కడి నుంచి ఇంకో చేతికి, అలా డ్రైవర్ దాకా వెళ్తుంది, ఆయన తిరిగిచ్చే చిల్లర కూడా అదే దారిలో వెనక్కి వస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళెవరూ ఎవరికీ ఏమీ కారు. నాలుగేళ్ళలో నా చిల్లర ఒక్కసారి కూడా తగ్గలేదు. ఒక్కసారి కూడా.

సోమవారం పొద్దున్నే బడిలో జెండా ఎగరేసేవాళ్ళు. వాళ్ళ జెండాలో మామూలు రోజుల్లో నీలం పైన ఉంటుంది, దేశం యుద్ధంలో ఉంటే ఎరుపు పైకొస్తుంది. వాళ్ళ స్వాతంత్ర్య పోరాటానికి స్ఫూర్తినిచ్చిన రచయిత హొసే రిసాల్ పుట్టిన కలాంబా మాకు పక్క ఊరే. స్పెయిన్ పాలకులు 1896లో ఆయన్ని కాల్చి చంపినప్పుడు ఆయనకి 35 ఏళ్ళు. పద్దెనిమిదేళ్ళప్పుడే తన దేశపు యువతని ‘నా దేశపు అందమైన ఆశ’ అంటూ కవిత రాశాడు. దాదాపు మా వయసు! అందుకే ఆయన పేరు పాఠంలో వస్తే క్లాసులో పిల్లలు వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చునేవాళ్ళు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక పెట్టె సంగతి.

నా పక్క బెంచీ అమ్మాయి, నా ప్రాణ స్నేహితురాలు, వాళ్ళ లోలా దగ్గర పెరిగింది. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉండేది. విదేశాల్లో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంటికి ఓడలో పంపే పెద్ద అట్టపెట్టెని బాలిక్‌బయాన్ పెట్టె అంటారు. దానికి బరువుని బట్టి కాదు, పెట్టె సైజుని బట్టి డబ్బులు కడతారు. అందుకని వేలు దూరే సందు కూడా వదలకుండా నెలల తరబడి కూరుతూనే ఉంటారు.

ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పెట్టె చుట్టూ టేపు, దాని మీద ఇంకో టేపు. లోలా కూరగాయల చాకుతో కోసింది. ముందు సబ్బు వాసన వచ్చింది. తువ్వాళ్ళు, మాంసం డబ్బాలు, చాక్లెట్లు, షాంపూలు. ఒక పచ్చడి సీసా మీద తెలుగు అక్షరాలు! ‘ఇవి మీవేనా?’ అని నా స్నేహితురాలు నా చేతికిచ్చింది. మాగాయ. వాళ్ళమ్మతో ఆ ఇంట్లోనే వంట చేసే ఆవిడది రాజంపేట దగ్గర ఊరట, ఆవిడ ఇచ్చిందట. నేను ఆ పేరు పైకి చదివితే లోలా మూడుసార్లు పలికించుకుంది.

అన్నిటికన్నా అడుగున తెల్ల బూట్లు. సందు వృథా కాకుండా ఒకదాన్లో మేజోళ్ళు, ఇంకోదాన్లో టూత్‌పేస్ట్ కుక్కి ఉన్నాయి. కొలత కోసం అమ్మ అడిగితే నా స్నేహితురాలు నోటుపుస్తకం కాగితం మీద కాలు పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, పొడవు స్కేలుతో కొలిచి చెప్పింది. ఆ తర్వాత పెట్టె నిండటానికి కొన్ని నెలలు, ఓడలో రావటానికి ఇంకొన్ని వారాలు పట్టింది. ఈలోపు పాదం పెరిగింది. బూటు ఎక్కలేదు. అయినా వేళ్ళు ముడుచుకుని ఎక్కించుకుంది, అమ్మకి వీడియో కాల్ చేసి ‘సరిగ్గా సరిపోయాయి’ అంది. నేను పక్కనే కూర్చుని ఆ వేళ్ళనే చూస్తున్నాను.

కొన్ని రోజులకి బడిలో వ్యాసం రాయమన్నారు. విషయం ‘బాగోంగ్ బయానీ’, అంటే కొత్త వీరులు. విదేశాల్లో పని చేసే వాళ్ళని అక్కడ అలా పిలుస్తారు. 1988లో అప్పటి అధ్యక్షురాలు కొరజోన్ అకీనో హాంగ్‌కాంగ్‌లో ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళని కలిసి, మీరే ఈ కాలపు వీరులు అంది. ఆ పేరు అలా నిలిచిపోయింది. నా స్నేహితురాలు నాలుగు లైన్లు రాసి పెన్ను పక్కన పెట్టేసింది. తర్వాత మెట్ల మీద కూర్చుని నాతో అంది, ‘మా అమ్మంటే నాకు చాలా గర్వం. కానీ వీరురాలు అని ఒకసారి అనేశాక, అసలు ఆవిడ ఎందుకు వెళ్ళాల్సొచ్చిందని ఎవరూ అడగరు. ఆ జీతంలో సగం ఇక్కడ దొరికినా వెళ్ళేది కాదు.’

అలా అన్నంత మాత్రాన దానికి దేశమంటే ప్రేమ లేదనుకోకండి. సోమవారం జెండా దగ్గర అందరికన్నా గట్టిగా పాడేది అదే. తుఫాను వచ్చినప్పుడు బియ్యం సంచులు మోయడానికి అందరికన్నా ముందు వెళ్ళింది కూడా అదే. దేశాన్ని తనదనుకుంది కాబట్టే అలా అడిగిందని నాకనిపిస్తుంది. నేను చూసిన దేశభక్తిలో నాకు ఎక్కువ నచ్చింది ఆ మెట్ల మీద మాటే.

ఇక్కడికొచ్చాక నా క్లాసులోనూ అలాంటి పిల్లలు కనిపించారు. కడప వైపు నుంచి, కోనసీమ నుంచి అమ్మలు కువైట్ వెళ్ళిన పిల్లలు. పేరెంట్స్ మీటింగ్ రోజు వాళ్ళ అమ్మమ్మలు వచ్చి, ఒక మూల నిలబడి, సంతకం పెట్టి వెళ్ళిపోతుంటారు. లాస్ బాన్యోస్‌లో మా టీచర్ ఏం చేసేవారంటే, ఫోన్‌ని పెన్సిల్ డబ్బాకి ఆనించి బల్ల మీద పెట్టి, నా స్నేహితురాలి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసి, మిగతా అమ్మలతో మాట్లాడినట్టే పది నిమిషాలు మాట్లాడేవారు. మార్కులు, అల్లరి, చేతిరాత, అన్నీ. ఆవిడ ఆ పది నిమిషాల కోసం తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని కూర్చునేది.

ఇది వింటున్న టీచర్లని నేను అడిగేది ఇదొక్కటే. మీ బడిలో కూడా అలా ఒక్కసారి చేసి చూడండి. ముందు రోజు ఆ అమ్మకి ఏ టైము కుదురుతుందో వాట్సాప్‌లో కనుక్కోండి. మనకి మధ్యాహ్నం రెండున్నర అయితే కువైట్‌లో పన్నెండు. నమస్కారం.