ఫలానా వాళ్ల అమ్మాయి సైకాలజీ పాఠం

శ్రోతలందరికీ నమస్కారం. నాది చిత్తూరు. పీజీ సైకాలజీ చదివింది తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో. ఇప్పుడు అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో అదే సబ్జెక్టు చెప్తున్నాను. సెలవులకి వచ్చినప్పుడల్లా చుట్టాలు "యూనివర్సిటీలో రాలేదా అమ్మా?" అని జాలిపడతారు. జాలి అక్కర్లేదు గానీ, అసలు అదేం కాలేజీయో చెప్తాను.

రెండేళ్ల చదువు. ఫీజు తక్కువ, ర్యాంకుల గొడవ లేదు, చదువుతానని వచ్చినవాళ్లని దాదాపుగా అందర్నీ చేర్చుకుంటారు, అక్కడ పాసైన కోర్సుల క్రెడిట్లతో యూనివర్సిటీలో మూడో ఏడాదికి వెళ్లిపోవచ్చు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో మొదలైన ఈ పద్ధతిలో ఇవాళ దేశమంతా వెయ్యి దాకా కాలేజీలున్నాయి.

నేను వెళ్లింది మా ఆయన వెనకాల, హెచ్-4 వీసా మీద. ఆ వీసాతో చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం కుదరదు. 2015 నుంచి, భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటినవాళ్లకి ఉద్యోగం చేసుకునే పర్మిట్ ఇస్తున్నారు. అది చేతికొచ్చేదాకా వంటింట్లో కూర్చుని మా సైకాలజీ పెద్దాయన ఫ్రాయిడ్‌ని తిట్టుకోవడమే! ఆ తర్వాత సర్టిఫికెట్ల లెక్క. మన మూడేళ్ల డిగ్రీని చాలాచోట్ల పూర్తి డిగ్రీగా ఒప్పుకోరు, నన్ను గట్టెక్కించింది పీజీయే. కమ్యూనిటీ కాలేజీలో చెప్పడానికి సాధారణంగా మాస్టర్స్ చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కానీ మొదట దొరికేది పార్ట్‌టైమే. కోర్సుకింత అని ఇస్తారు, వచ్చే సెమిస్టర్‌లో క్లాసు ఉంటుందో లేదో ఎవరూ చెప్పరు, పొద్దున ఒక కాలేజీ, సాయంత్రం ఇంకో కాలేజీ, మధ్యలో కారులోనే పులిహోర.

సరే, క్లాసు సంగతి. మా ఎస్వీ యూనివర్సిటీ పెట్టిన 1954లోనే కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక పరీక్ష ప్రచురించారు. "నేను ఎవరు?" అన్న ప్రశ్నకి ఇరవై జవాబులు రాయాలి, అంతే. రాత్రి క్లాసులో అది ఇచ్చాను. అక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు మొండివాణ్ణి, గిటార్ వాయిస్తాను, నిద్ర ఎక్కువ అని గబగబా రాసేశాడు. వెనక వరసలో సోమాలియా నుంచి వచ్చిన ఒకావిడ, హాస్పిటల్ లాండ్రీలో డ్యూటీ దిగి నేరుగా యూనిఫాంలోనే వచ్చింది, పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగి, ఫలానా వాళ్ల కూతుర్ని, ఫలానా వాళ్ల అక్కని, ఫలానా వాళ్ల అమ్మని అని వరసగా రాసుకుంటూ పోయింది. చిత్తూరు బజారువీధిలో మా అమ్మకిచ్చినా అవే జవాబులు వస్తాయి.

ఆ కుర్రాడు "ఈవిడ తన గురించి ఏమీ రాయలేదే" అన్నాడు. ఆవిడ ఊరుకుంటుందా! "నువ్వు ఎవరి కొడుకువో రాయలేదు, మరి నీ గురించి నాకేం తెలిసింది?" అంది. "నేను" అంటే ఏమిటన్నది పెరిగిన చోటుని బట్టి మారుతుందని ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠం సగం వాళ్లే చెప్పేశారు. మిగతా సగం ఏమిటంటే, పేరున్న సైకాలజీ పత్రికల్ని 2008లో ఆర్నెట్ అనే ఆయన లెక్కగడితే, ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య దేశాలవాళ్లని తేలింది. మరి పాఠ్యపుస్తకంలో "మనిషి" అంటున్నది ఎవరిని? అందుకే నా క్లాసులో ఏ ప్రయోగం చెప్పినా, అది ఎవరి మీద చేశారు, ఎక్కడ చేశారు అన్నది కూడా రాయాలి. రాయకపోతే మార్కులు కోస్తాను, టెన్షన్ పడతారు, పడనీయండి.

ఇక్కడి నుంచి వెళ్లబోయే అమ్మాయిలకి ఒక్క మాట: మార్కుల జాబితాతో పాటు సిలబస్ కాపీ మీద కూడా యూనివర్సిటీ స్టాంపు వేయించుకుని మరీ విమానం ఎక్కండి, అక్కడికెళ్లాక ఇక్కడి ఆఫీసు చుట్టూ నాన్నని తిప్పకండి. ఉంటాను, నమస్కారం.