చెట్టు ఉంది, గింజ మోసేవాళ్లే లేరు: మారిషస్ దీవుల మొక్కల గురించి

అందరికీ నమస్కారం. బాటిల్ పామ్ తెలియనివాళ్లు ఈ హాల్లో ఉండరనుకుంటా. ఫంక్షన్ హాళ్ల ముందు, అపార్ట్‌మెంట్ గేట్ల పక్కన, కింద బాగా ఉబ్బి పైకి పోయేకొద్దీ సన్నబడిన మొదలు, నెత్తిన నాలుగైదు ఆకులు. కడియం నర్సరీలకి వెళ్తే ఎన్ని కావాలంటే అన్ని ఇస్తారు. ఈ చెట్టు పుట్టిల్లు మారిషస్‌కి ఉత్తరాన 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న రౌండ్ ఐలాండ్, మొత్తం కలిపి రెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉండే దీవి. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ మేకల్నీ కుందేళ్లనీ వదిలేశారు. అవి మొలకెత్తినదాన్ని మొలకెత్తినట్టే తినేస్తూ పోయాయి, ముసలి చెట్లు పడిపోతుంటే వాటి చోటుకి పిల్ల చెట్టు రాలేదు, చివరికి అక్కడ మిగిలిన పెద్ద బాటిల్ పామ్‌లని వేళ్ల మీద లెక్కపెట్టే పరిస్థితి వచ్చింది. మన దగ్గర వీధికి నాలుగు, పుట్టిన చోట ఒక దశలో పది కూడా లేవు.

ఇది చెప్పగానే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, కడియం నుంచి ఓ లారీడు మొక్కలు పంపిస్తే పోలా అని. పోదండీ. మన నర్సరీ మొక్క తల్లి ఏదో తండ్రి ఏదో ఎవరికీ తెలియదు, దాని వేళ్లకంటిన మట్టిలో ఏ చీమ ఉందో ఏ పురుగు ఉందో అంతకన్నా తెలియదు. బయటి ప్రాణులు వచ్చి పడడం వల్లే పాడైన దీవి మీద ఆ మట్టిని దింపడమంటే మళ్లీ మొదటికి రావడమే. పైగా చెట్టుని తెచ్చి నాటితే అది చెట్టే అవుతుంది, అడవి అవదు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఈ తేడా గురించే.

ముందు కాస్త భూగోళం. మారిషస్, రీయూనియన్, రోడ్రిగ్స్, ఈ మూడూ సముద్రం అడుగున అగ్నిపర్వతాలు పేలి పైకి లేచిన దీవులు. ఏ ఖండానికీ ఎప్పుడూ అంటుకుని లేవు. మారిషస్ వయసు దాదాపు 80 లక్షల ఏళ్లు. అంటే అక్కడున్న ప్రతి మొక్క పూర్వీకులూ గాలిలోనో, అలల మీదో, పిట్ట కడుపులోనో వచ్చినవే. వచ్చినవి తక్కువ, వచ్చాక మారిపోయినవి ఎక్కువ. పూలు పూసే స్థానిక జాతులు దాదాపు 690 ఉంటే, అందులో 270కి పైగా మారిషస్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు. మేసే జంతువంటూ అప్పట్లో అక్కడ ఉంటే అది పెద్ద తాబేలే. గబ్బిలాలు తప్ప పాలిచ్చే జంతువు ఒక్కటీ లేదు, కోతి లేదు, ఎలుక లేదు, మనిషి అసలే లేడు. 1598లో డచ్చివాళ్లు దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్లు. జింకలు, పందులు, కోతులు, ఎలుకలు అన్నీ మనిషితో పాటు ఓడ దిగినవే. ఇప్పుడు మంచి స్థితిలో ఉన్న స్థానిక అడవి మారిషస్ నేలలో రెండు శాతం కూడా లేదు.

ఇక్కడ కాకినాడలో మాట్లాడుతున్నాను కాబట్టి ఇంకో మాట. ఈ పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల మునిమనవలు అక్కడ ఈ రోజుకీ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు కూడా. అడవి పోవడంలో పెద్ద వాటా ఆ చెరకుదే. చెరకు వేయించింది దొరలు, చెమటోడ్చింది మనవాళ్లు, లాభం ఎవరి జేబులోకి పోయిందో నేను చెప్పక్కర్లేదు.

సరే, మొక్కల దగ్గరికొద్దాం. మారిషస్ అనగానే డోడో, ఎప్పుడో అంతరించిన ఎగరలేని పెద్ద పిట్ట. డోడో అనగానే ఒక కథ, మీలో బోటనీ చదివినవాళ్లు వినే ఉంటారు. తంబలకోక్ అని అక్కడో పెద్ద చెట్టు ఉంది, మన సపోటా కుటుంబమే, గింజ పెంకు రాయిలా ఉంటుంది. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఈ గింజ డోడో పొట్టలో అరిగితేనే మొలుస్తుంది, డోడో పోయి మూడొందల ఏళ్లయింది కాబట్టి ఆ వయసువి పదమూడు చెట్లే మిగిలాయి అని రాశాడు. టర్కీ కోళ్లకి 17 గింజలు బలవంతంగా మింగించాడు, మూడు మొలిచాయి. అబ్బ, ఎంత బాగుంది కథ. పిట్ట చచ్చిపోయింది, చెట్టు విధవరాలైంది. ప్రపంచమంతా పాకిపోయింది, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. తీరా చూస్తే ఏ పిట్టా మింగకుండానే ఆ గింజల్ని మొలిపించినవాళ్లు అంతకుముందే ఉన్నారు, టెంపుల్ అసలు మింగించని గింజల్ని పక్కన పెట్టి పోల్చి చూడనే లేదు, చెట్లు పదమూడు కాదు వందల్లో ఉన్నాయి, అందులో వయసు తక్కువవీ ఉన్నాయి. గింజ మొలుస్తుంది. మొలవకముందే కోతి కాయ కొరికి పారేస్తుంది, మొలిచాక జింక తింటుంది, పంది తవ్వుతుంది, తప్పించుకున్నదాన్ని కలుపు మింగేస్తుంది. ఈ రెండో కథలో హీరో లేడు, కన్నీళ్లు లేవు, అందుకే ఎవరూ చెప్పుకోరు. నా మటుకు నాకు ఈ రెండోదే ముఖ్యం, ఎందుకంటే డోడోని ఎలాగూ తేలేం, కలుపు మాత్రం పీకగలం.

ఇప్పుడు రోడ్రిగ్స్‌కి వెళ్దాం. మారిషస్‌కి తూర్పున దాదాపు 600 కిలోమీటర్లు. అక్కడ కాఫీ కుటుంబంలో కఫే మరోన్ అని ఒక పొద ఉండేది, తెల్లటి నక్షత్రాల్లాంటి పూలు. పోయిందనే అనుకున్నారు. 1980 ప్రాంతంలో ఒక బడి మాస్టారు పిల్లలకి పాత బొమ్మ చూపించి దీవి మొక్కల గురించి చెబుతుంటే, ఓ కుర్రాడు ఇది మా ఇంటి దగ్గర ఉంది సార్ అని కొమ్మ తెచ్చాడు. ఉన్నది ఒకే ఒక్క పొద, అదీ రోడ్డు పక్కన. వార్త పాకగానే ఏమైందో తెలుసా, జనం దాని మీద పడ్డారు. సుఖవ్యాధులకీ, తాగింది దిగకపోతేనూ అది మందని ఊళ్లో నమ్మకం, కొమ్మలు విరుచుకుపోవడం మొదలెట్టారు. కంచె వేశారు, కంచె దూకారు, దానిచుట్టూ ఇంకో కంచె వేశారు. మనకేమీ కొత్త కాదు కదా, చెట్టుకి మహిమ ఉందని పేరు రాకూడదు గానీ వస్తే బెరడు కూడా మిగలదు.

1986లో కొమ్మలు కత్తిరించి లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కి విమానంలో పంపారు. అంటు బతికింది. దాన్నుంచి ఇంకో మొక్క, దాన్నుంచి ఇంకోటి, అన్నీ ఆ ఒక్క పొదకి నకళ్లే. విరగబూసేవి, ఒక్క కాయ కట్టేది కాదు. పదిహేనేళ్లకి పైగా ఇదే తంతు. కార్లోస్ మాగ్దలేనా అనే స్పెయిన్ తోటమాలి, ఆయన క్యూ గార్డెన్స్‌లో పనిచేస్తాడు, దీని వెంట పడ్డాడు. పుప్పొడి బాగానే ఉంది, కానీ అది కీలాగ్రం మీద, అంటే పువ్వులోని ఆడ భాగం కొస మీద, పడ్డాక కీలం అనే సన్నటి కాడ గుండా గింజలు కట్టే అండాశయం దాకా దిగడం లేదు. అప్పుడాయన చిన్న కత్తితో కీలాగ్రాన్ని కోసేసి, ఆ కోసిన చోటే పుప్పొడి రాశాడు. ఒకటి రెండు పూల మీద కాదు, పదే పదే. 2003లో కాయ పడింది. గింజలు మొలిస్తే ఆ మొలకలు చూసి ఇదే మొక్కా అని అనుమానం వచ్చేలా ఉన్నాయి, పెద్ద మొక్క ఆకు గుండ్రంగా పచ్చగా మెరుస్తుంటే, పిల్ల మొక్క ఆకు సన్నగా, పొడుగ్గా, ఎండుటాకు రంగులో. క్యూలో అంటు మొక్కలే చూసినవాళ్లు గింజ మొక్క రూపం ఎప్పుడు చూశారు గనుక! తాబేలు నోటి ఎత్తు దాటేదాకా కంటపడకుండా ఉండడానికే ఈ వేషమని శాస్త్రవేత్తల ఊహ. రోడ్రిగ్స్ తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి. ఇప్పటికీ మొక్క మాత్రం ఆ తాబేలు నుంచి దాక్కుంటూనే ఉంది. ఇంకో విషయం కూడా బయటపడింది, ఆ మిగిలిన ఒక్క పొదా నిజానికి మగ పని చేసే మొక్క, గింజ మొక్కల్లో ఆడవి వచ్చాకే లెక్క కుదిరింది. తర్వాత ఆ సంతతిని రోడ్రిగ్స్‌కి తిరిగి పంపారు.

ఇంత అదృష్టం అందరికీ ఉండదు. మారిషస్‌లోనే క్యూర్‌పీప్ తోటలో ఒక పామ్ చెట్టుంది, మన బాటిల్ పామ్‌కి దగ్గరి చుట్టం, ప్రపంచంలో ఆ జాతిది అదొక్కటే. మగ పూలు ఒకప్పుడు, ఆడ పూలు ఒకప్పుడు విచ్చుకుంటాయి, కలిసే వీలు లేదు. ల్యాబ్‌లో మొలకలు తీసినా బయట బతకలేదు.

కంచె, ల్యాబ్, అంటు, ఇవన్నీ కావాల్సిందే. కాకపోతే అవి ఆస్పత్రి. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాలంటే ఇల్లంటూ ఉండాలి. దానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇల్ ఓ జెగ్రెత్, మారిషస్ ఆగ్నేయ తీరం పక్కన 26 హెక్టార్ల పగడపు రాతి దీవి. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్లు 1980ల నుంచీ అక్కడ ఎలుకల్ని తీసేసి, కలుపు పీకి, స్థానిక మొక్కలు నాటుకుంటూ వస్తున్నారు. అక్కడ ఒక నల్లమాను జాతి ఉంది. మన బీడీ ఆకు తునికి ఉంది చూశారూ, ఆ వంశమే. కాయలు పెద్దవి. తినేవాడు లేక తల్లి చెట్టు కిందే రాలి కుళ్లిపోయేవి, మొలిచినా ఆ నీడలో గుంపుగా మొలిచి చచ్చేవి. అసలు తినాల్సిన మారిషస్ తాబేలు ఎప్పుడో అంతరించింది. 2000లో అల్డాబ్రా దీవి పెద్ద తాబేళ్లని తెచ్చి అక్కడ దింపారు, సొంత అన్న లేకపోతే పెదనాన్న కొడుకుని పిలిచినట్టు. అవి కాయలు తిన్నాయి, నింపాదిగా దీవంతా తిరిగాయి, పేడతో పాటు గింజలు వేశాయి. 2011లో అచ్చయిన పరిశోధన ప్రకారం తాబేలు పొట్టలోంచి వచ్చిన గింజలు మామూలు గింజల కన్నా బాగా మొలిచాయి. కొత్త చోట్ల నల్లమాను మొక్కలు లేచాయి. ఇది మనిషి నాటిన మొక్క కాదు, గమనించండి.

బల్లి సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర బల్లి మీద పడితే పంచాంగం తీస్తాం. అక్కడ నీలి తోక ఉన్న ఒక పచ్చ బల్లి పగలంతా పూలల్లో తేనె తాగుతూ పుప్పొడి మోస్తుంది. ట్రోకీషియా అనే ఎర్ర పూల పొద దాని మీదే ఆధారపడింది, పూలలో తేనెకి కూడా రంగు ఉంటుంది. పరిశోధకులు గమనించిందేమిటంటే, దగ్గర్లో మొగలి పొదలున్న ట్రోకీషియాకి కాయలు ఎక్కువ పడుతున్నాయి, దూరంగా ఉన్నదానికి తక్కువ. ఎందుకూ అంటే బల్లి దాక్కునేది ఆ ముళ్ల మొగలి ఆకుల మధ్య కాబట్టి, డేగ కంటపడకుండా అది అక్కణ్నుంచి ఎక్కువ దూరం పోదు. ట్రోకీషియాని కాపాడాలంటే మొగలి నాటాలన్నమాట. ఆఫీసులో కూర్చుని రాసిన ఏ ప్లాన్‌లోనైనా ఇది తడుతుందా?

మిగిలింది చాకిరీ. ప్రధాన దీవిలో 1994లో బ్లాక్ రివర్ గార్జెస్ నేషనల్ పార్క్ పెట్టారు, 6,500 హెక్టార్ల పైన. అందులో చాలా భాగం చైనా జామ కమ్మేసింది. పేరు చైనా, వచ్చింది బ్రెజిల్ నుంచి. పండు ఎర్రగా పుల్లగా బాగుంటుంది, సీజన్‌లో జనం కుటుంబాలతో వెళ్లి కోసుకు తింటారు, పక్షులూ కోతులూ పందులూ గింజల్ని ఇంకా లోపలికి మోస్తాయి. కొన్ని చోట్ల కంచె వేసి, ఆ జామని చేత్తో పీకి, నరికి మొదలుకి మందు పూసి, మళ్లీ వచ్చినదాన్ని మళ్లీ పీకుతారు. ఆపితే కొన్నేళ్లలో మామూలే. రిబ్బన్ కట్ చేసే పని కాదు, ఫొటో రాదు, నిధులు అడగడానికి వెళ్తే ఇంకా ఎన్నాళ్లు పీకుతారండీ అంటారు.

ఇక గబ్బిలాలు. స్థానిక చెట్ల పెద్ద గింజల్ని ఇప్పటికీ ఎగరేసుకుపోగలిగేది అక్కడ పండ్లు తినే పెద్ద గబ్బిలం ఒక్కటే. అది లిచీ తోటల్లోనూ మామిడి తోటల్లోనూ పడుతుంది. రైతులు గొడవ చేశారు, ప్రభుత్వం 2015లో, 2016లో, మళ్లీ 2018లో వాటిని పదుల వేలల్లో కాల్పించింది. 2018లో ఆ జాతి అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో ఇంకో మెట్టు పైకెక్కింది. నాకు రైతు మీద కోపం లేదు, చేతికొచ్చిన పంట పోతే తెలుస్తుంది ఆ టెన్షన్ ఏమిటో. కానీ చెట్లకి వల కప్పితే కాయ దక్కుతుంది, వలకి ప్రభుత్వం కొంత సబ్సిడీ కూడా ఇస్తోంది. చిన్న చెట్టుకి కప్పడం తేలికే, పెరట్లో ముప్పై అడుగుల లిచీకి ఎవరెక్కి కప్పుతారన్నదే అక్కడి అసలు పేచీ. మామిడి రైతులు ఎవరైనా ఉంటే ముందు మీరే మాట్లాడండి, పెద్ద చెట్టుని కొట్టించి పొట్టిగా పెంచడం ఎంతవరకు కుదురుతుందో నాకు మీ దగ్గరే వినాలనుంది.