శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఎవరిది?

అందరికీ నమస్కారం.

బేగంపేట ఎయిర్‌పోర్టు ముందు రద్దీ ఎలా ఉండేదో విద్యార్థులకు తెలిసే వీల్లేదు. వెనక వరుసలో కూర్చున్న మాస్టార్లకు గుర్తుండాలి. గల్ఫ్‌కి పోయేది ఒక్కడే, సాగనంపడానికి కరీంనగర్ నుంచి జీపు నిండా జనం! ఊరి మధ్యలో ఇరుక్కుపోయిన ఆ విమానాశ్రయాన్ని పెంచడానికి చోటు లేదు. అందుకే శంషాబాద్.

2008 మార్చిలో ఇది మొదలైంది. అప్పుడు ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపడేలా కట్టారు. 2023-24లో రెండున్నర కోట్ల మంది దాటారు. టెర్మినల్‌ను 3.4 కోట్ల మందికి సరిపడేలా పెంచారు. ఈ లెక్కలు పేపర్లో రోజూ చదివేవే, వదిలేద్దాం.

నాకు ఆసక్తి ఉన్నది 'ప్రైవేటు ఎయిర్‌పోర్టు' అనే మాట మీద. దాదాపు 5,500 ఎకరాలు ప్రభుత్వం లీజుకిచ్చింది. దానికి తోడు 107 కోట్ల గ్రాంటు, 315 కోట్ల వడ్డీ లేని అప్పు. మొదట్లో వాటాల్లో, దీన్ని కట్టి నడిపే జీఎంఆర్ అనే ప్రైవేటు కంపెనీది 63 శాతం, రాష్ట్రానికి 13, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, మలేషియా కంపెనీకి 11. ఆ మలేషియా వాటాను తర్వాత జీఎంఆరే కొనేసింది. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్నది కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్, పాస్‌పోర్టు మీద ముద్ర వేసేది కేంద్ర ప్రభుత్వం. మరి నడిపేవాళ్లకు రాబడి? విమానాల ల్యాండింగ్ చార్జీలు, షాపుల అద్దెలు, పార్కింగ్. మీ టికెట్‌లో యూడీఎఫ్, అంటే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని ఒక వరుస ఉంటుంది, చూశారా? అదీ అక్కడికే. ఎంత వసూలు చేయాలో ఏరా అనే నియంత్రణ సంస్థ తేలుస్తుంది.

నన్నడిగితే, ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంలో అసలు బరువైన షరతు వేరే ఉంది. 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ల పాటు పోటీగా ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదు. వేల కోట్లు పెట్టేవాడు ఆ మాత్రం భరోసా అడగడంలో తప్పు లేదు. కానీ ఆ గీత లోపలే వరంగల్ ఉంది. అక్కడి మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే దశాబ్దాలుగా గడ్డి మొలిచి పడి ఉంది. చివరికి జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పాకే, 2025లో కేంద్రం దానికి పచ్చజెండా ఊపింది. ఒక ఊరికి విమానం రావాలంటే పక్క ఊరి ఎయిర్‌పోర్టు సరేననాలన్నమాట!

శంషాబాద్ ఒప్పందం మొదట 30 ఏళ్లకు. ఇంకో 30 ఏళ్లు పొడిగించుకునే వీలుంది. ఆ పొడిగింపూ అయిపోయింది, 2068 దాకా. ఇక్కడున్న ఫస్టియర్ పిల్లలకు అప్పటికి రిటైర్మెంట్ వయసు వస్తుంది.