బైల్ డక్ట్ క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత అయిదేళ్ల లెక్క

నమస్తే అండీ. బైల్ డక్ట్‌కి, అంటే లివర్ నుంచి పేగుకి పైత్యరసం తీసుకెళ్లే నాళానికి, క్యాన్సర్ అని తెలియగానే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఆపరేషన్ చేస్తే ఎన్నాళ్లుంటారు?" ఫోన్‌లో వెతికితే ఒకచోట 30 శాతం, ఇంకోచోట 60 పైన కనిపిస్తుంది. టెన్షన్ ఇంకా పెరుగుతుంది. నిజానికి రెండు లెక్కలూ సరైనవే. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్న దాన్ని బట్టి అంకె మారుతుంది.

జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ సర్జన్ల సంగతే చూడండి. లివర్ నుంచి కుడి, ఎడమ నాళాలు బయటికొచ్చి కలిసే చోట పుట్టే క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయడంలో వాళ్లది అందెవేసిన చేయి. రిపోర్టులో క్లాట్‌స్కిన్ ట్యూమర్ అని రాసేది దీన్నే. 1965లో దీన్ని వివరించిన అమెరికన్ డాక్టర్ పేరది. నగోయా వాళ్లు 1977 నుంచి 2010 దాకా 574 మందికి ఆపరేషన్ చేసి, ఆ ఫలితాలు 2013లో ప్రచురించారు. అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 32.5 శాతం, అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. అదే జాబితాలో కోసిన అంచున క్యాన్సర్ కణాలు మిగలనివాళ్లను, లింఫ్ గ్రంథులకు గానీ వేరే చోటికి గానీ పాకనివాళ్లను విడిగా తీస్తే, చివరి ఏళ్లలో అది 67 శాతం. అసలు ఆపరేషన్ దాకా రాలేకపోయినవాళ్లు ఈ రెండు లెక్కల్లోనూ లేరు. వాళ్లు చాలామందే ఉంటారు.

నన్ను ఆశ్చర్యపరిచిన అంకె మాత్రం వేరే. 1990కి ముందు అక్కడ ఆపరేషన్ తర్వాత కోలుకోలేక చనిపోయినవాళ్లు నూటికి 11 మంది. చివరికొచ్చేసరికి ఇద్దరి కంటే తక్కువ. దీనికి కత్తి పనితనం ఒక్కటే సరిపోదు, ముందు చేసే తయారీ కావాలి. ఈ ఆపరేషన్‌లో నాళంతో పాటు లివర్‌లో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తీసేస్తారు. మిగిలిన ముక్క ఒంటి భారమంతా మోయాలి. అందుకే పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో, తీసేయబోయే వైపుకి వెళ్లే కొమ్మను ముందే మూసేస్తారు. రక్తం రెండో వైపుకి మళ్లి, రెండు మూడు వారాల్లో ఆ వైపు పెరుగుతుంది. ఈలోపు ట్యూబు పెట్టి, అడ్డుపడి నిలిచిపోయిన పైత్యరసాన్ని బయటికి తీస్తారు. అలా తీసిన పైత్యరసాన్ని నగోయాలో పారబోయరు, పేషెంట్‌కే మళ్లీ తాగిస్తారు! వినడానికి వికారంగానే ఉంటుంది. కానీ పైత్యరసం పేగుకి చేరకపోతే పేగు గోడ దెబ్బతిని ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందని వాళ్ల లెక్క.

నాళం కింది భాగంలో వస్తే చేసేది విపుల్ ఆపరేషన్ (నాళంతో పాటు క్లోమం తల, చిన్నపేగు మొదలు తీసేసేది), అది వేరే కథ. ఆపరేషన్ తర్వాత కేపసైటబిన్ అనే కీమో మాత్రలు ఎందుకిస్తారంటే, బ్రిటన్‌లో 447 మందిపై చేసిన బిల్‌క్యాప్ ట్రయల్‌లో మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటిన కాలం, మాత్రలు లేనివాళ్లలో 36 నెలలుంటే వాడినవాళ్లలో 51 నెలలుగా కనిపించింది. గణాంకాల కఠిన పరీక్షలో ఆ తేడా పూర్తిగా నిలబడలేదు. అయినా మాత్రలు వాడుకలోకి వచ్చేశాయి.

ఇక మనవైపు సంగతి. కామెర్లు అనగానే పసరు పోయించి, ఉప్పూ కారం మాన్పించి, వారాలు గడిపేస్తాం. వైరస్‌తో వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరేమో పసరుకొస్తుంది. నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద పుట్టి, మలం సున్నం రంగులో వస్తుంటే అది నాళంలో అడ్డు కావచ్చు. పసరుతో ఆ అడ్డు పోదు.

ఇంకో మాట. కామెర్లు తగ్గించాలన్న తొందరలో నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ గొట్టం ముందే వేస్తే, తర్వాత తీసే సీటీ, ఎంఆర్‌ఐలో గడ్డ ఎంతవరకు పాకిందో స్పష్టంగా తెలియదు. చలిజ్వరం ఉంటే ఆగే వీలుండదు, వెంటనే పైత్యరసం బయటికి తీయాల్సిందే. అలాంటిదేమీ లేకపోతే, స్కాన్ ముందా స్టెంట్ ముందా అని డాక్టర్‌ని అడగండి.