డిజిటల్ బొమ్మల భద్రత: ఫైళ్ల అమరిక, బ్యాకప్

సభకు నమస్కారం.

నీటిరంగులతో వేసిన బొమ్మ ఒక మూల తడిసినా, అంచు చిరిగినా మిగతా భాగం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. డిజిటల్ ఫైలు చెడితే మాత్రం చాలాసార్లు అసలు తెరుచుకోదు. అందుచేత ఈ రోజు మనం గీసిన బొమ్మ ఎక్కడ ఉంటోంది, ఎన్ని చోట్ల ఉంటోంది, కొన్నేళ్ల తరవాత వేరే కంప్యూటర్లో తెరిస్తే తెరుచుకుంటుందా అన్న విషయాలకే పరిమితమై మాట్లాడతాను.

ముందు పరిమాణం సంగతి చూద్దాం. ఏ3 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన కాన్వాసు తీసుకుంటే అది 3508 పిక్సెళ్ల వెడల్పు, 4961 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున లెక్కవేస్తే నిండుగా ఉన్న ఒక్క లేయరు (బొమ్మలో ఒకదానిపై ఒకటి పేర్చే పొర), కుదించకముందు, దాదాపు 52 మెగాబైట్లు. అలాంటివి ముప్ఫై పేర్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైలు 2 గిగాబైట్లు దాటకూడదనీ, దాటితే పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీ రకంగా సేవ్ చేసుకోవాలనీ పెద్ద హోర్డింగులు చేసేవారికి అనుభవమే. ఒక్కో పనికి ఇలాంటి వెర్షన్లు పదేసి దాస్తే డిస్కు నిండిపోతుంది. అది నిండేది కూడా సరిగ్గా డెలివరీకి ముందు రాత్రే. ఆ తొందరలో ఏది అవసరమో చూసుకోకుండా తుడిచేస్తాం. డిస్కు పాడై పోయిన బొమ్మలకన్నా ఇలా చేజేతులా పోగొట్టుకున్నవే ఎక్కువని నా అభిప్రాయం.

కాబట్టి బ్యాకప్ కన్నా ముందు అమరిక కుదరాలి. ప్రతి పనికీ ఒక ఫోల్డరు పెట్టి, దాని పేరును 2025-03-14 అన్నట్టు సంవత్సరం, నెల, తేదీలతో మొదలుపెడితే ఏ కంప్యూటరైనా వాటిని కాలక్రమంలోనే చూపిస్తుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’ అనే పేర్లు ఆ వారానికి అర్థమవుతాయేమో గాని మరుసటి ఏడాదికి పెట్టినవారికే అర్థం కావు. 01, 02 అని వరస సంఖ్యలు వేయడం మేలు. ఆ ఫోల్డర్లో తిరిగి చేయలేనివి ఒకచోట, తిరిగి తీయగలిగినవి మరొకచోట ఉండాలి. లేయర్లతో ఉన్న మూల ఫైలు, స్కాన్ చేసిన పెన్సిలు చిత్తు, క్లయింటుతో కుదిరిన ఒప్పందం మొదటి రకం. ప్రెస్సుకు పంపిన టిఫ్, వాట్సాప్‌లో పంపిన జేపెగ్ రెండో రకం. చోటు చాలనప్పుడు దేన్ని తీసెయ్యాలన్న ప్రశ్నకు ఈ విభజనే జవాబు చెబుతుంది.

ఇప్పుడు బ్యాకప్. మన దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘డి డ్రైవులో ఇంకో కాపీ ఉందండీ.’ చాలా కంప్యూటర్లలో సి, డి, ఈ డ్రైవులంటే ఒకే డిస్కును మూడు భాగాలు చేయడమే. ఆ డిస్కు ఆగిపోతే మూడూ కలిసే పోతాయి. రెండు డిస్కులకు ఒకేసారి రాసే రెయిడ్ ఏర్పాటు డిస్కు చెడిపోవడం నుంచి కాపాడుతుంది గాని, మీరు పొరపాటున తుడిచిన ఫైలును రెండింటిలోనూ శ్రద్ధగా తుడిచేస్తుంది. క్లౌడుతో జతపడి ఉండే ఫోల్డరుదీ అదే తీరు; అక్కడి చెత్తబుట్టలో కొంతకాలం దొరుకుతుంది, గడువు దాటితే లేదు. ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ అనే బొమ్మలు గీసే యాప్ వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే బొమ్మలు ఆ యాప్ లోపలే ఉంటాయి కాబట్టి యాప్‌ను తీసేస్తే అవీ పోతాయి.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాలపైన, వాటిలో ఒకటి వేరే ఊళ్లోనో కనీసం వేరే ఇంట్లోనో. ఆ చివరి షరతును మనం చాదస్తంగా భావించి వదిలేస్తుంటాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, కింది అంతస్తులో కంప్యూటరూ దాని పక్కనే బ్యాకప్ డిస్కూ పెట్టుకున్నవారికి ఆ రెండో డిస్కు ఏ మేరకు ఉపయోగపడి ఉంటుందో ఊహించవచ్చు. అలాగే బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అటువంటి వైరస్ ఫైళ్లకు తాళం వేసేటప్పుడు, అప్పటికి తగిలించి ఉన్న డిస్కులనూ వదలదు.

ఫైలు భద్రంగా ఉండటం, తెరుచుకోవడం వేరు వేరు విషయాలు. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా కంప్యూటర్ మీద గీసిన బొమ్మలు ఫ్లాపీల్లో పిట్స్‌బర్గ్ మ్యూజియంలో ఉండిపోయాయి. చాలా ఏళ్ల తరవాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ క్లబ్బు సభ్యులు ఫ్లాపీలను చదవగలిగినా, ఆ ఫైళ్ల ఫార్మాటును నేటి సాఫ్ట్‌వేర్ గుర్తించకపోవడంతో దాని అల్లికను వాళ్లే విప్పి తెలుసుకోవలసి వచ్చింది. మనకు ఈ బెడద ఇంకా దగ్గరిది. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాల రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పాత పుస్తకపు అట్ట ఫైలు తెరిస్తే, బొమ్మ చక్కగా ఉండి, శీర్షిక ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ గజిబిజిగా కనిపిస్తాయి. కనుక మూల ఫైలు పక్కనే, లైసెన్సు అనుమతించిన మేరకు, ఫాంటునూ ఉంచాలి. అక్షరాలను ఆకృతులుగా మార్చిన పీడీఎఫ్ ఒకటి, లేయర్లు కలిపేసిన టిఫ్ ఒకటి తోడు పెట్టాలి. క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఒక చిన్న సదుపాయం ఉంది: డాట్ కేఆర్ఏ ఫైలు నిజానికి జిప్ ఫైలే. క్రిటా లేని చోట దాని పేరు చివరనున్న పొడిగింపును జిప్‌గా మార్చి విప్పితే, లోపల లేయర్లన్నీ కలిసిన పూర్తి బొమ్మ పీఎన్‌జీ రూపంలో దొరుకుతుంది. నాకైతే ఫార్మాట్లన్నీ ఇంత మర్యాదగా ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఇక పరీక్ష. మూడు నెలలకొకసారి బ్యాకప్ డిస్కును మీది కాని కంప్యూటర్‌కు తగిలించి, ఒక పాత పనినీ ఒక కొత్త పనినీ తెరవండి. లేయర్లు విడివిడిగా ఉన్నాయా, లింకు చేసిన ఫోటోలు కనబడుతున్నాయా, తెలుగు తెలుగుగానే ఉందా, రంగుల ప్రొఫైలు (రంగులు ఎలా కనబడాలో చెప్పే సమాచారం) ఫైలుతోపాటు వచ్చిందా చూడండి. ఏది రాలేదో కాగితం మీద రాసుకుని, ఇంటికి వెళ్లగానే ఆ ఒక్కటి సరిచేసి, డిస్కును మళ్లీ వేరే ఇంటికి పంపించండి.