కూడదు, అక్కర్లేదు: ఇంగ్లిష్ మోడల్స్‌కి తెలుగు దారి

అందరికీ నమస్కారం. మీలో సగం మంది నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉన్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. అందుకని నా మేనకోడలికి జరిగిన సంగతితో మొదలుపెడతాను.

తను ఇంగ్లండ్‌లో నర్సు. వెళ్ళిన కొత్తలో ఒకరోజు పొద్దున, వార్డులో ఓ పెద్దావిడ టిఫిన్ కోసం లేవబోతుంటే మర్యాదగా ఆపింది. మనసులో అనుకున్నది 'మీరు లేవక్కర్లేదండీ, ఇక్కడికే తెస్తాను' అని. నోట వచ్చింది 'యూ మస్ట్ నాట్ గెట్ అప్' అని. ఆవిడ నిజంగానే లేవలేదు. మధ్యాహ్నం దాకా బాత్‌రూమ్‌కి కూడా వెళ్ళకుండా బిగపట్టుకుని పడుకుంది. డాక్టర్ వచ్చి అడిగితే 'నర్సు లేవకూడదంది' అని చెప్పిందట. ఆ రాత్రి ఫోన్‌లో నా మేనకోడలు ఏడుపు ఆపుకోలేకపోయింది.

తప్పు ఆ పిల్లది కాదు, మోడల్స్ పాఠం, అంటే మస్ట్, కుడ్, మే లాంటి సహాయక క్రియల పాఠం, మేం చెప్పిన తీరుది. మస్ట్ అంటే 'చేయాలి', హావ్ టు అన్నా 'చేయాలి' అని బళ్ళో పట్టిక రాయిస్తాం. రెండూ ఒకటే అయినప్పుడు, నాట్ చేర్చినా ఒకటే అవుతాయని పిల్లలు అనుకోరూ? కానీ సరిగ్గా అక్కడే అవి విడిపోతాయి. మస్ట్ నాట్ అంటే కూడదు. డోంట్ హావ్ టు అంటే అక్కర్లేదు.

మన తెలుగూ ఇలాగే నడుస్తుంది, గమనించండి. 'వెళ్ళాలి' అన్న ఒక్క మాటలో ఎన్ని ఇమిడిపోయాయో! 'పదింటికల్లా డ్యూటీకి వెళ్ళాలి' అంటే నియమం. 'నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి' అంటే సలహా. 'ఒక్కసారైనా కాశీ వెళ్ళాలి' అంటే కోరిక. అదే కాదనేసరికి 'వెళ్ళకూడదు', 'వెళ్ళక్కర్లేదు' అని దారులు చీలిపోతాయి. నాలుగేళ్ళ పిల్లకి కూడా ఈ తేడా తెలుసు. ఐస్‌క్రీమ్ తినకూడదంటే ఏడుస్తుంది, కాకరకాయ తినక్కర్లేదంటే గంతులేస్తుంది. అందుకే నేను మోడల్స్ పాఠం ఎప్పుడూ 'కాదు' వైపు నుంచే మొదలుపెడతాను.

కుడ్, వజ్ ఏబుల్ టు దగ్గర కూడా తెలుగే ఆదుకుంటుంది. 'నిన్న ఎలాగో తాళం తీయగలిగాను' అనడానికి మనవాళ్ళు 'ఐ కుడ్ ఓపెన్ ద లాక్' అనేస్తారు. ఒక్కసారి సాధించిన పనికి అది నప్పదు, 'వజ్ ఏబుల్ టు' అనాలి. 'చిన్నప్పుడు చెట్లెక్కగలిగేవాణ్ణి' అన్నప్పుడు మాత్రం కుడ్ హాయిగా కుదురుతుంది. గలిగాను, గలిగేవాణ్ణి. తేడా మన క్రియలోనే ఉంది. ఇక 'తీయలేకపోయాను' అనడానికి కుడ్ నాట్ చాలు, బెంగ లేదు.

'షల్', 'మే' అన్న మాటల మధ్య దూరం చూడాలంటే మన రాజ్యాంగం 74వ అధికరణ తెరవండి. మంత్రిమండలి సలహా ప్రకారం రాష్ట్రపతి 'షల్ యాక్ట్' అని 1976లో 42వ సవరణ చేర్చింది. అంటే నడుచుకుని తీరాలి. ఆ సలహాని మరోసారి ఆలోచించమని రాష్ట్రపతి 'మే రిక్వైర్' అని 1978 నాటి 44వ సవరణ కలిపింది. అంటే అడగవచ్చు, అడగకపోవచ్చు. అలా మళ్ళీ ఆలోచించి ఇచ్చిన సలహా దగ్గర తిరిగి షల్ వస్తుంది. దేశాధినేతకి ఎంత వెసులుబాటు ఉందో ఆ చిన్న 'మే'లో ఉంది. నాకైతే ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక్కచోట మాత్రం తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 'ఒకసారి చూసుకుంటే మంచిది' అన్నది మనకి ఎంతో మెత్తని మాట. దాన్నే 'యూ హాడ్ బెటర్ చెక్' అని పైఅధికారికి మెయిల్‌లో పెడితే, ఆయనకి 'లేకపోతే చూస్కో' అన్న బెదిరింపు వినిపిస్తుంది. 'కుడ్ యూ ప్లీజ్ చెక్' అని అడగండి.

సరే, మీ చేతుల్లో ఉన్న కాగితం తిప్పండి. పది వాక్యాలున్నాయి, అన్నీ పేషెంట్‌తో అనేవే. పెన్ను ముట్టుకునే ముందు ఒక్కొక్కటీ తెలుగులో పైకి అనండి, కూడదో, అక్కర్లేదో చెవికి వినపడేలా. ముందు వరుసలో ఉన్న మీరు మొదలుపెట్టండమ్మా.