లిపోవా వీధిలో గిన్నెల ఫ్యాక్టరీ

సభకు నమస్కారం.

నీలం అంచున్న తెల్ల ఎనామిల్ గిన్నె మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. చేయి జారితే పెచ్చు ఊడి నల్లటి ఇనుము బయటపడేది. ఇక అక్కడి నుంచి తుప్పు మొదలు. అలాంటి గిన్నెలు చేసిన ఒక ఫ్యాక్టరీకి నిరుడు వెళ్లాను. పోలండ్‌లోని క్రాకో నగరం, లిపోవా వీధి, 4వ నంబరు భవనం. లోకం దాన్ని షిండ్లర్ ఫ్యాక్టరీ అంటుంది.

ఆ పేరుతో నాకు చిన్న పేచీ ఉంది. 1937లో దాన్ని పెట్టింది ముగ్గురు యూదు వ్యాపారులు. 1939లో దివాలా తీసింది. ఆ సెప్టెంబరులో జర్మన్ సైన్యం వచ్చింది. వెనకాలే లాభాలు వెతుక్కుంటూ నాజీ పార్టీ సభ్యుడు ఆస్కర్ షిండ్లర్ దిగాడు. ఫ్యాక్టరీ అతని చేతికి వచ్చింది గానీ, గిన్నెల వ్యాపారం ఆనుపానులు తెలిసినవాడు పాత యాజమాన్యంలోని ఆబ్రహాం బాంకియెర్. యూదులను పనిలో పెట్టుకోవడానికి మొదటి కారణం దయ కాదు, వాళ్లు చౌక. తలకింత చొప్పున లెక్కగట్టిన కూలి కూడా వాళ్ల చేతికి రాదు, నాజీల ఎస్.ఎస్. దళానికి జమ అయ్యేది.

తర్వాత షిండ్లర్ ఎందుకు మారాడో నాకైతే అంతుపట్టదు. దొంగబజారులో గిన్నెలు అమ్మిన డబ్బే ఆ పనివారిని కాపాడడానికి అధికారులకు లంచాలైంది. 1944లో యుద్ధరంగం దగ్గరపడినప్పుడు పనివారిని నేటి చెక్ దేశంలోని బ్రున్లిట్జ్‌కు తరలించాడు. దాదాపు 1,200 మంది బతికి బయటపడ్డారు.

యుద్ధం తర్వాత ఆ షెడ్లలో చాలాకాలం ఎలక్ట్రానిక్ విడిభాగాలు తయారయ్యాయి. 2010లో మ్యూజియం తెరిచారు. ‘షిండ్లర్స్ లిస్ట్’ సినిమా చూసి వచ్చినవారు ప్రెస్సులూ కొలిమీ చూద్దామనుకుని నిరాశపడతారు. అక్కడ చెప్పేది ఒక్క షిండ్లర్ కథ కాదు, 1939 నుంచి 1945 దాకా ఆక్రమణలో నలిగిన ఊరి కథ. ఇది మంచి నిర్ణయమని నా అభిప్రాయం. యజమాని ఒక్కడినే చూపిస్తే ఊరు మాయమవుతుంది.

ఒక గదిలో నేలంతా స్వస్తిక గుర్తుల పలకలు. మన గడపల మీద పసుపు కుంకుమలతో దిద్దే గుర్తుకు దగ్గరి చుట్టమే. దాన్ని తొక్కకుండా ముందుకు వెళ్లడానికి దారి లేదు. నా కాలు ఒక క్షణం గాలిలోనే ఆగింది. నా వెనకున్న కుర్రవాడు టకటకా నడిచి వెళ్లిపోయాడు.

ఇక షిండ్లర్ ఆఫీసు గది. అక్కడ పారదర్శకమైన గోడల మధ్య వేల ఎనామిల్ గిన్నెలు పేర్చారు. లోపలికి వెళితే బతికినవారి పేర్లు. బయటి నుంచి చూస్తే పెళ్లివారింటి సామాను గదిలా ఉంది. గిన్నె మీద గిన్నె, మూకుడులో మూకుడు. అసలు ఇక్కడ చేసినవే కావు, అలాంటివి. అయినా పెచ్చూడిన గిన్నె ఏదైనా కనిపిస్తుందేమోనని కాసేపు వెతికాను.

తిరుగుదారిలో గెట్టో వీరుల కూడలి వచ్చింది. 1941 మార్చిలో యూదులను ఆ ప్రాంతంలో గోడ కట్టి ఇరికించారు, దాన్నే గెట్టో అంటారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో గెట్టోను తుడిచిపెట్టారు. ఇళ్ల సామాను వీధిపాలైంది. దానికి గుర్తుగానే కూడలి నిండా ఖాళీ లోహపు కుర్చీలు నిలబెట్టారు. పెద్దవి మామూలు కుర్చీల కంటే పెద్దవి. ట్రామ్ స్టాపు పక్కనున్నవి మాత్రం చిన్నవి. అలాంటి ఒక కుర్చీలో ఒక పెద్దావిడ కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ట్రామ్ రాగానే లేచి ఎక్కింది.